పురుగులకు చీటీలు కట్టిన గుమాస్తా

రండి, ఇటు రండి. ఆ గడప మీద కూర్చోకండి, నా మోకాలికి తగిలేటంత దగ్గరగా జరగండి. నా గొంతు ఇదివరకటిలా సాగదు, పైగా ఇది గట్టిగా చెప్పుకునే సంగతీ కాదు. చెబుతూ చెబుతూ నా మొహం చిట్లితే మీ మీద కోపమనుకోవద్దు. ఒక మనిషి గుర్తొచ్చినప్పుడల్లా నా నోట్లో ఈనాటికీ చేదు ఊరుతుంది.

మొన్న మా తోడికోడలు రామచంద్రపురం వెళ్ళి వచ్చింది. వస్తూనే ఆ మనిషి పోయాడని చెప్పింది. పదో రోజు భోజనాల దగ్గర నలుగురూ ఆయన్ని తెగ పొగిడారట. అంత పద్ధతైన మనిషి మళ్ళీ పుట్టడన్నారట. కొడుకైతే కళ్ళు తుడుచుకుంటూ, మా నాన్నగారికి జీవాలంటే ప్రాణం, ఆయన చేతిలో పడ్డది ఏదీ పాడవలేదు, సీమలో, దొరల దేశంలో, పెద్ద భవనంలో అద్దాల పెట్టెల్లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి అన్నాడట. అప్పుడు నేను ఆకు నములుతున్నాను. లేచి పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. పోయినవాణ్ణి ఏమీ అనకూడదంటారు. ఒక్క మాటా కలిపి చెప్పను. చూసింది చూసినట్టే చెబుతాను.

ఆయన ఎక్కడ పుట్టాడో, ఎవర్ని చేసుకున్నాడో నాకు తెలియదు. పెద్దాపురం వైపువాడని అనేవారు. నేను ఎరిగింది ఒక్క వానాకాలం మొదట్లో నెల్లాళ్ళు. ఆ నెల్లాళ్ళలో ఆయన పెదవుల మధ్య గుండుసూదులు లేకుండా చూసింది అన్నం తినేటప్పుడు మాత్రమే. నాలుగైదు సూదులు పళ్ళతో కరిచిపట్టుకుని, వాటి సందుల్లోంచే మాట్లాడేవాడు. మాట నలిగి నలిగి బయటికి వచ్చేది. మాట్లాడుతుంటే సూదుల తలలు పైకీ కిందకీ కదిలేవి. ఎదుటివాళ్ళు మాట వినడం మానేసి ఆ సూదులు ఎప్పుడు మింగుతాడా అని చూసేవాళ్ళు.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు అది. నాలుగో నెల కడుపుతో ఉన్నాను. మా అత్తవారి ఊరు కాలువకు చిట్టచివర. ఆనకట్ట కట్టాక గోదావరి నీళ్ళు ఊరూరా పారాయని అందరూ చెప్పుకుంటారు గాని, చివర ఉన్నవాళ్ళకు తెలుసు ఆ నీళ్ళు ఎంత ఆలస్యంగా వస్తాయో. పై ఊళ్ళ చేలు కడుపునిండా తాగాక మిగిలిందే మాది. ఆ ఏడు జ్యేష్ఠంలో రెండు మంచి జల్లులు పడితే మా మామగారు తొందరపడి ఆకుమడి పోశారు. ఆ తరువాత చినుకు లేదు. నారు జానెడు కూడా లేవకుండానే పసుపు తిరిగింది. మామగారు రోజూ తెల్లవారేసరికి మడి దగ్గరికి వెళ్ళి, ఒక మొక్క పీకి వేరు చూసి, మళ్ళీ అక్కడే గుచ్చి వచ్చేవారు. ఏమండీ, ఎలా ఉంది అని అత్తగారు అడిగితే పలికేవారు కాదు. ఆ నారు పోతే మళ్ళీ పోయడానికి ఇంట్లో విత్తనం లేదు. నారు లేకపోతే నాటు లేదు, నాటు లేకపోతే ఆ ఏడు తిండి లేదు. మా ఇంట్లో అందరి కళ్ళూ ఆ కాలువ మీదే ఉన్నాయి.

ఆ కాలువ మీదే పడవలో దిగాడు ఆయన. వెంట రేకు పెట్టెలు, వలలు, సీసాలు. కాలువ పనులు చూసే దొరల్లో ఒకాయనకు జీవాల పిచ్చి ఉండేదట. ఆ దొర తరపున ఈయన ఊరూరా తిరిగి పురుగులను, చిన్న జీవాలను పట్టుకొచ్చి, చంపి ఆరబెట్టి, పేరు రాసిన చీటీ కట్టి పంపేవాడు. అందుకే ఊళ్ళో ఆయనకు చీటీల గుమాస్తా అని పేరు పడింది. కాలువ దొర మనిషి అనగానే మామగారు వీధి వైపు గది ఖాళీ చేయించారు. ఈయన ఒక్క మాట వేస్తే తూము లేస్తుందని ఆశ. ఆ ఆశ ఆయన కనిపెట్టాడు. రెండో రోజునే, అన్నంలో మజ్జిగ కలుపుకుంటూ, దొరగారు నా మాట తీసెయ్యరండీ అన్నాడు. మామగారి మొహం వెలగడం నేను తలుపు చాటునుంచి చూశాను.

ఆయనకు వడ్డించడం నా వంతు. అదే నా ప్రాణానికి వచ్చింది. మనిషి శుభ్రంగానే కనబడేవాడు. అంత ఉక్కలోనూ నల్లకోటు విప్పేవాడు కాదు. కాని ఆ చేతులు చూడాలి. కుడి చిటికెనవేలి గోరు చెంచాలాగా పెంచాడు. ఆ గోటితోనే చచ్చిన జీవాల చర్మం ఒలిచేటప్పుడు లోపలిది గీకేవాడు. చర్మాలకు పాషాణం కలిపిన సబ్బు రాసేవాడు. చీటీ రాయబోయే ముందు మాత్రం చెంబుడు నీళ్ళు తెప్పించుకుని, సున్నిపిండితో మోచేతుల దాకా కడుక్కుని, తుండుతో ఒక్కొక్క వేలూ తుడుచుకునేవాడు. చీటీ మీద మరక పడకూడదు. అన్నానికి కూర్చునే ముందు మాత్రం కడుక్కునేవాడు కాదు. కోటుకు అటొకసారి ఇటొకసారి రాసుకుని ముద్ద కలిపేవాడు. గోటి సందులో ఇరుక్కున్న బూరు పప్పులో తేలడం నా కళ్ళారా చూశాను. ఆయన దాన్ని తీసి విస్తరి అంచున అంటించి, మరి కాస్త నెయ్యి వెయ్యమ్మా అన్నాడు. ఆ రోజు నేను తిన్నది నిలవలేదు. వేవిళ్ళు ఇంకా తగ్గలేదే అన్నారు అత్తగారు.

మా అత్తగారి గురించి ఒక మాట చెప్పాలి. మంచావిడే, నోరు మాత్రం పెద్దది. ఎవరినైనా కూర్చోబెట్టి దులపగలరు. ఒకనాడు గుమాస్తా పెట్టె మూత తీసి ఎండలో పెట్టాడు. లోపల ఉడుతలు, ఎక్కడో పై ఊళ్ళలో పట్టినవి. వెల్లకిలా వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. చేతులు గుండెల మీదికి, కాళ్ళు దగ్గరికి లాగి కట్టి, కట్టిన చోట చీటీ. కళ్ళు ఉండవలసిన చోట దూది. మన ఇళ్ళలో పోయినవాళ్ళ ముక్కుల్లో దూది పెడతామే, అలాగ. అత్తగారు చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఇవేంటండీ గుమాస్తాగారూ, పీనుగులా?"

"నమూనాలమ్మా. దొరగారు వీటిని ఎలకల వర్గంలో వేశారు."

"ఎవర్ని, ఉడుతల్నా?"

"ముందు పళ్ళు చూడండి. బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ఏదో ఒకటి కొరుకుతూ ఉండకపోతే నోరు మూతపడదు. ఎలకకీ ఇంతే. పళ్ళని బట్టే కులం కదండీ."

"మా వియ్యపురాలికీ ముందు పళ్ళు ఎత్తేనండి," అన్నారు అత్తగారు. "ఆవిణ్ణి ఎందులో వేస్తారు మరి?"

ఆ వియ్యపురాలు మా అమ్మ. నేను చేట పట్టుకుని అక్కడే ఉన్నాను. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అత్తగారు ఆగలేదు. ఎలక చీకట్లో దొంగతనంగా తింటుందని, ఉడుత పట్టపగలు నలుగురి ముందూ కూర్చుని రెండు చేతులతో పట్టుకుని మర్యాదగా తింటుందని, తినే తీరును బట్టి గదా కులం అని వాదించారు. ఆయన సూదుల్లోంచే నవ్వాడు. మనుషులు ఎలా చూసుకున్నా జీవాలకు అసలు చీలిక ఒక్కటేనని, వెన్నెముక ఉన్నవి ఒక వైపు, లేనివి ఒక వైపు అని చెప్పాడు. ఉడుత ఇటు, పురుగు అటు. ఆయన్ని ఏ వైపు వెయ్యాలో నాకు ఆ నెల్లాళ్ళలోనూ తేలలేదు.

ఒకటి ఒప్పుకోవాలి. చూడటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దీపానికి వచ్చే పురుగూ సీతాకోకచిలుకా చుట్టాలేనని, వాలినప్పుడు సీతాకోక రెక్కలు నిలబెట్టి మూసుకుంటుందని, ఇవి మాత్రం చాప పరిచినట్టు పరుచుకుంటాయని, తల మీది మీసాలు సీతాకోకకు పుల్లల్లాగా, వీటికి దువ్వెనల్లాగా ఉంటాయని ఆయనే చెప్పాడు. అంతవరకు నాకు పురుగంటే పురుగే. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఏదో మెత్తదనం పలికేది. అది విని నేను మోసపోయాను కూడాను.

రెండు వారాలు తిరిగేసరికి అసలు సంగతి బయటపడింది. మా కొబ్బరితోటలో ఉడుతలు కావాలట. చిన్నవి, పెద్దవి, ఆడవి, మగవి, పిల్లలు, అన్నీ. అవి దొరగారికి చేరితే తూము మాట తాను చూసుకుంటానన్నాడు. మామగారు గతుక్కుమన్నారు. రాముడు వేళ్ళతో నిమిరిన ఉడుతను కొట్టడం మా ఊళ్ళో గోవును కొట్టినంత. అందులోనూ ఇంట్లో కోడలు కడుపుతో ఉంది. కడుపుతో ఉన్న పిల్ల మొగుడు పాముకు కూడా కర్ర ఎత్తకూడదంటారు. మా ఆయన తల వంచుకుని నిలబడ్డారు.

గుమాస్తా దగ్గర దానికీ మందు ఉంది. ఉడుతల్లో రెండు రకాలున్నాయని, వీపున మూడు గీతలున్నవి ఒకటి, అయిదు గీతలున్నవి మరొకటి అని చెప్పాడు. రాముడు గీసినవి మూడు. ఆ మూడు గీతల వాటి జోలికి తాను పోడు. అయిదు గీతలవి రాముడు ముట్టినవి కావు, వాటికి పాపం లేదు.

అప్పుడు చూడాలి మా మగవాళ్ళని. మామగారు, మా ఆయన, పక్కింటి ఇద్దరు, మెడలు ఎత్తుకుని కొబ్బరిచెట్ల కింద నిలబడి గీతలు లెక్కపెట్టడం. ఉడుత ఒకచోట నిలుస్తుందా? ఒకరు మూడంటే ఒకరు నాలుగంటారు. పక్కన తేలిపోయినట్టున్న ఆ సన్న గీత గీతేనా కాదా అని తగువు. వారం కిందట దాని పేరు చెప్పి దణ్ణం పెట్టినవాళ్ళే, ఏది కొట్టొచ్చో ఏది కొట్టకూడదో చూస్తున్నారు. నాకు ఆ మెడలు చూస్తేనే ఒళ్ళు జలదరించింది. నారు పసుపు తిరిగితే మనిషి కూడా పసుపు తిరుగుతాడు కాబోలు.

అత్తగారు చీపురు చేతిలో ఉండగానే తోటలోకి వచ్చారు. గుమాస్తా వైపే తిరిగి అడిగారు.

"ఏవండీ, రాముడి చేతికి వేళ్ళెన్ని?"

"అయిదండీ."

"మూడువేళ్ళతో నిమిరితే మూడు గీతలు పడ్డాయి. అయిదు గీతలదాన్ని చెయ్యంతా పెట్టి నిమిరాడన్నమాట. దాన్నా మీరు కొట్టమనేది?"

పక్కింటాయన ముందు నవ్వాడు. తరువాత అందరూ నవ్వారు. మెడలు దిగాయి. గుమాస్తా కూడా నవ్వాడు గాని, ఆ రాత్రి భోజనంలో నీళ్ళ మాట ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. మామగారు మడి దగ్గరినుంచి వచ్చి, మధ్యలో నారు తల వాల్చేసిందని మొదటిసారి నోరు విప్పి చెప్పారు.

ఆ మూడో నాడు మా దడి దగ్గర ఆయన కేక పెట్టాడు. దడికని పాతిన గుంపెన కొమ్మలు చెట్లయిపోయాయి మా పెరట్లో. ఆ చెట్టుకు ఒక పురుగు వేలాడుతోంది. నేను కాపురానికి వచ్చిన ఏడు కూడా చూశాను దాన్ని. వానలు మొదలయ్యే రోజుల్లో వస్తుంది. చెయ్యంత ఉంటుంది. లేత అరిటాకు సుడిలో ఉండే పచ్చదనం చూశారా, ఆ రంగు రెక్కలు. రెక్కకొక చిన్న చంద్రుడి బొమ్మ. వెనక రెండు పొడుగాటి తోకలు, గాలికి పావడా కుచ్చెళ్ళలాగా ఆడుతూ. ఒళ్ళంతా తెల్లటి దూది. దానికి మాలో పేరు లేదు. పచ్చ పురుగు అనేవాళ్ళం, పచ్చగా ఉన్న ప్రతి పురుగునూ అన్నట్టే.

ఈ కాలువల కింద దొరగారు ఇంతవరకు దీన్ని చూడలేదని గుమాస్తా రెండుసార్లు చెప్పాడు. ఇదొక్కటీ పెట్టెలో ఒక వరసకు సరిపడా దొరికితే చాలునన్నాడు. అత్తగారికి కావలసిందీ అదే.

"అయితే ఉడుతల జోలికి రాకండి. పురుగులు ఎన్ని కావాలంటే అన్ని మా కోడలు ఏరి ఇస్తుంది. నీళ్ళ సంగతి మాత్రం మరచిపోకండి."

"మరవనమ్మా. మాటంటే మాటే."

నేను లోపలికి వచ్చి అత్తగారిని మెల్లగా అడిగాను. నేను ఇలా ఉన్నాను కదండీ, ప్రాణిని పట్టి ఇవ్వచ్చా అని. ఆవిడ ఆశ్చర్యంగా చూశారు. పురుగేగా, దోమ కుడితే కొట్టవూ, అదేమన్నా ఉడుతా అన్నారు. ఆవిడ లెక్కలో అది ప్రాణుల్లోకి రాదు. నేనూ ఊరుకున్నాను. నారు మాట నాకూ తెలుసు కదా. నా కడుపులోది పుట్టాక నేను తినాలి, దానికి పాలు పట్టాలి.

పట్టే విధానం ఆయన చెప్పాడు. దడి దగ్గర దొరికింది ఆడపురుగట, దాన్ని చంపకుండా కోళ్ళగంప కింద పెట్టి, ఆ గంపను గుంపెన కొమ్మకు కట్టించాడు. తెల్లవారి నేను వెళ్ళేసరికి గంప బయట మగపురుగులు వాలి ఉండేవి. ఎక్కడెక్కడినుంచి వచ్చేవో. ఊళ్ళో ఎవరూ ఏనాడూ అన్నిటిని ఒకచోట చూసి ఉండరు. రాత్రంతా రెక్కలు కొట్టుకుని కొన్నిటికి తోకలు చిరిగిపోయేవి. చిరిగినవి ఆయనకు పనికిరావు, పక్కన పారెయ్యమనేవాడు. మిగతావాటిని నేను ఒక్కొక్కటీ రెక్కల మొదట్లో పట్టుకుని తీసేదాన్ని. ఎగిరేవి కావు. పెళ్ళివారింటికి పిలిస్తే వచ్చినవాళ్ళలాగా, పట్టుకుంటే పట్టుబడేవి. నా వేళ్ళకు పచ్చటి పొడి అంటుకునేది. ఎంత కడిగినా గోళ్ళ మొదట్లో కనిపించేది. ఆ చేత్తోనే ఇంటిల్లిపాదికీ వంట చేసేదాన్ని. గుమాస్తా చేతులను అసహ్యించుకున్న నేను, నా చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో.

మగవాటిని వెడల్పు మూతి సీసాలో వేసేవాడు. అడుగున సున్నం పోసినట్టు తెల్లగా ఉండేది, అందులోంచి చేదు వాసన వచ్చేది. రెండుసార్లు రెక్క ఆడించి ఆగిపోయేవి. ఇవి ఎన్నాళ్ళు బతుకుతాయండీ అని అడిగితే, వారమో పది రోజులో, వీటికి నోరు లేదు, పుట్టాక ఏమీ తినవు అన్నాడు. నేను నమ్మలేదు. ఆయన ఒకదాన్ని తిరగేసి చూపించాడు. నిజమే, నోరుండవలసిన చోట ఏమీ లేదు. ఉడుత మా సొరపిందెలు కొరికేది, లేత కొబ్బరికి చిల్లు పెట్టేది, ఆరబెట్టిన వడియాలు ఎత్తుకుపోయేది. ఇది మా గింజ ఒక్కటి ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి నోరే లేదు.

ఎనిమిదో రోజు అనుకుంటాను. వరస నిండింది, ఇంక ఆడపురుగు గంపలో అక్కర్లేదన్నాడు. నేను మధ్యాహ్నం మజ్జిగ ఇద్దామని గదిలోకి వెళ్ళాను. ఆడపురుగును బెండు పలక మీద పరిచి ఉంచాడు. సీసాలో వేస్తే కొట్టుకుని తోక చిరుగుతుందట, అందుకని ఏకంగా సూది దించేశాడు. రెక్కల మీద కాగితపు పట్టీలు. పక్కన చీటీ, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఆ పురుగు కడుపు కదులుతోంది. నేను వంగి చూశాను. గుడ్లు పెడుతోంది. ఒకటి, కాసేపటికి ఇంకొకటి, తోటకూర గింజలకన్న పెద్దవి, గోధుమరంగువి. బెండు మీద వరసగా అతుక్కుంటున్నాయి. సూది ఒంట్లో ఉండగానే, ఆకు మీద పెడుతున్నట్టే, జాగ్రత్తగా.

అంతవరకు నేను ఆయనతో ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు.

"గుమాస్తాగారూ, దీని ప్రాణం పోలేదండి."

ఆయన తల ఎత్తలేదు. సూదులు కదిలాయి.

"పోతుందమ్మా. గుడ్లు పెట్టడం అయ్యాక పోతుంది."

"అందాకా ఆగొచ్చు కదండీ."

"ఆగితే రెక్కలు నలుగుతాయి. చీటీలో పోయినట్టే రాసేశాను."

అంటూనే ఒక గుడ్డు చీటీ అంచుకు అంటుకోవడం చూశాడు. నాలిక చప్పరించి, ఆ చిటికెనవేలి గోటితో దాన్ని మీటి కింద పారేశాడు. తరువాత మిగతావీ గీకేశాడు, దోసె పెనం గీకినట్టు. బెండు మురికి అవుతుందట. ఆ పురుగు ఇంకొకటి పెట్టింది. దాన్నీ గీకాడు. నేను నా కడుపు మీద చెయ్యి వేసుకుని అక్కడే నిలబడిపోయాను. ఆయన ఎడమచేత్తో మజ్జిగ గ్లాసు అందుకుని, సూదులు తీసి ఒళ్ళో పెట్టుకుని, తాగి, ఉప్పు తక్కువైందమ్మా అన్నాడు.

ఆయన అటు తిరిగినప్పుడు కిందపడ్డ గుడ్లు చెంగులో ఏరుకున్నాను. గుంపెన ఆకు మడిచి, అందులో పెట్టి, చెట్టు పంగలో గుచ్చాను. నాలుగో రోజుకు చీమలు వరస కట్టాయి. అంతే.

గుమాస్తా మర్నాడు పడవెక్కాడు. మామగారు గెల అరటిపళ్ళు, రెండు కుండల బెల్లం పడవలో పెట్టించారు. చేతులు జోడించి, నీళ్ళ మాట అని గుర్తుచేశారు. చూస్తారు కదండీ అన్నాడాయన. చెప్పినట్టే మూడో రోజు నీళ్ళు వచ్చాయి. మామగారు కాలువలో పసుపు కుంకుమ వదిలారు. నారు ఆ వారంలోనే తల ఎత్తింది. ఇంట్లో నెల్లాళ్ళకు నవ్వు వినపడింది. నేనూ నవ్వాను. ఇంత చేసినవాడి మీద నాకెందుకు రోత అని నన్ను నేను తిట్టుకున్నాను కూడా.

తూము ఎత్తే లస్కరు సాయంత్రం మా అరుగు మీద మజ్జిగకు ఆగాడు. మామగారు ఆయనకు పంచె పెట్టబోతూ, గుమాస్తాగారి చలవ అన్నారు. లస్కరు పంచె తీసుకోలేదు.

"ఏ గుమాస్తా అండీ? మీ ఊరి వంతు ఈ వారమేనండి. ఉగాది నాడే రాసి పెట్టారు కదా, ఎవరి వంతు ఎప్పుడో. ఆ కాగితం ఆయనకీ తెలుసే, దొరగారి బల్ల మీదే ఉంటుంది."

మామగారు పంచె మడత విప్పి, మళ్ళీ మడత పెట్టారు. రావలసిన నీళ్ళే వచ్చాయి. ఆయన చేసిందల్లా, వంతు ఎప్పుడో తెలిసి, తెలియని మా ముందు కూర్చుని నెయ్యి వేయించుకోవడం. మా ఆయన పళ్ళు కొరికారు. అత్తగారు మాత్రం నిట్టూర్చి తేలిగ్గా తీసేశారు.

"పోనీలెండి. ఉడుతలు దక్కాయి. పోయినవి పురుగులేగా."

నా వైపు చూసి అన్న మాట కాదది. కాని గంప దగ్గర నిలబడింది నేను. ఒక్కొక్కదాన్నీ ఒడిసిపట్టింది నా వేళ్ళు. ఆయన అబద్ధం ఆడాడు, నిజమే. కాని ఆ పురుగును పట్టి ఇవ్వనని నేను అనకపోవడానికి కారణం నీళ్ళొక్కటే కాదు. దానికి గీతలు లేవు. దాన్ని నిమిరిన దేవుడి కథ నాకు ఎవరూ చెప్పలేదు. అందుకని అడిగిన వెంటనే తీసి ఇచ్చాను. గుమాస్తాను తలుచుకుంటే కలిగే రోతలో సగం నా వాటా.

తరువాతి ఏడు జ్యేష్ఠంలో, నా పెద్దపిల్లను చంకనేసుకుని దడి వెంట తిరిగాను. పురుగు లేదు. ఆ పై ఏడూ లేదు. ఈ ఊరికి వచ్చాక కూడా, వానలు మొదలవగానే ఎక్కడ గుంపెన కనబడినా ఆకుల కింద చూస్తాను. ఉడుతలంటారా, కావలసినన్ని. నిన్న కూడా మన సొరపాదు పీకి పెట్టాయి. అవి లేకపోతే ఊరంతా గగ్గోలు పెడుతుంది. ఆ పచ్చ పురుగు పోయినట్టు మా అత్తగారు బతికుండగా గమనించనే లేదు, ఊళ్ళో మరెవరూ గమనించలేదు. వచ్చేదని తెలిస్తే కదా రాలేదని తెలిసేది. ఎక్కడో అద్దం కింద సూది మీద భద్రంగా ఉందంటే, ఉండనివ్వండి. దాని రెక్క నలగలేదంటే నేను నమ్ముతాను.

మీరు ఇంతసేపు విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ చేలకు మీ వంతు నీళ్ళు ఎవరికీ దణ్ణం పెట్టకుండా రావాలి. మీ కోడళ్ళు సుఖంగా కనాలి. మీ చూరు కింద వాలింది ఏదైనా సరే, దాని కథ మీకు తెలిసినా తెలియకపోయినా, తన పని చూసుకుని తనంతట తాను ఎగిరిపోయేటంత నిశ్చింత మీ గోడలకు ఉండాలి.